మీకు తెలుసా? ఒక చిన్న కుంట, ఒక బాస్ చేప, నాలుగు కాలాల వింతలు!

అమెరికాలో పొలం పక్కన ఓ కుంట కనిపిస్తే చాలు, "ఇందులో బాస్ ఉందా?" అని అడిగేవాళ్లు కోకొల్లలు! ఆకుపచ్చ ఒళ్లు, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార, ఇంత పెద్ద నోరు. ఇదే లార్జ్‌మౌత్ బాస్. అక్కడి గాలం వేటగాళ్లకు ప్రాణం! కాలం మారితే ఈ చేప చోటు మారుతుంది, తిండి మారుతుంది, కదిలే వేగం కూడా మారుతుంది. దాన్ని పట్టాలంటే గాలం వేసేవాడూ మారక తప్పదు. ఆ మార్పుల్లో నాకు దొరికిన వింతలన్నీ ఏరి మీ ముందు పోస్తున్నాను. వరసంటూ ఏమీ లేదు, మీకు నచ్చిన చోట మొదలుపెట్టండి!

బాస్ నోరు మూసుకుని ఉన్నప్పుడు దాని పైదవడ కంటిని కూడా దాటి వెనక్కి వెళ్తుంది! దగ్గరి చుట్టం స్మాల్‌మౌత్ బాస్‌కు దవడ కంటి దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి పట్టినది ఏ చేపో తేల్చుకోవడానికి కన్నూ దవడా చూస్తే సరిపోతుంది.

ఇది ఎరను కొరకదు, పీలుస్తుంది! నోరు ఒక్కసారిగా తెరవగానే నీళ్లతో పాటు ఎర కూడా లోపలికి కొట్టుకుపోతుంది. మనం కన్నార్పేలోపు అంతా అయిపోతుంది.

బాస్‌కు జ్వరం చూడాలంటే ఎక్కడ థర్మామీటర్ పెట్టాలి? చెరువులో! చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, బాస్ వేటగాడి సంచిలో అన్నిటికంటే విలువైన వస్తువు నీటి వేడి చూసే చవక థర్మామీటరే అని నా గట్టి నమ్మకం.

ఒక ఎకరం కుంటలో సగటున ఒకటిన్నర మీటర్ల లోతు నీళ్లున్నాయనుకోండి. ఆ నీటిని ఒక్కటంటే ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి ఎంత కరెంటు కావాలి? దాదాపు 7,000 యూనిట్లు! నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది దగ్గరదగ్గర మూడేళ్ల కరెంటు. అందుకే మార్చిలో ఒకరోజు ఎండ ఫెళ్లున కాసినంత మాత్రాన చెరువంతా వెచ్చబడదు. గట్టు మీద మనకు చెమటలు పడుతున్నా నీళ్లలో బాస్ ఇంకా చలికాలంలోనే ఉంటుంది!

అయినా ఆ మార్చిలోనే చెరువులో కాస్త ముందుగా వెచ్చబడే మూల ఒకటుంటుంది. ఎటువైపో చెప్పగలరా? ఉత్తరపు గట్టు! సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఎండ ఆ ఒడ్డున బాగా పడుతుంది. పైగా గట్టుకు ఎత్తు ఉంటే చలి ఉత్తర గాలి అక్కడ తగలదు. అడుగున నల్లటి బురద ఉంటే మరీ మంచిది, అది ఎండను ఇంకా బాగా పట్టుకుంటుంది. వసంతం తొలిరోజుల్లో తెలిసినవాళ్లు కుంట చుట్టూ తిరగరు, తిన్నగా ఆ మూలకే వెళ్లి, మధ్యాహ్నం దాటాక గాలం వేస్తారు.

ఇప్పుడో పొడుపు ప్రశ్న! మిన్నెసోటాలో చెరువు మీద మందంగా మంచు, ఆ పైన గాలి సున్నాకు 20 డిగ్రీలు కింద. చెరువు అడుగున నీళ్లు ఎంత చల్లగా ఉంటాయి? సుమారు 4 డిగ్రీలు, అదీ సున్నాకు పైన! నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువెక్కుతుంది కాబట్టి ఆ నీళ్లు అడుగుకు చేరతాయి, అంతకంటే చల్లనివి పైకి తేలి గడ్డకడతాయి. ఈ ఒక్క విచిత్రం లేకపోతే ఉత్తరాది చెరువుల్లో ఒక్క చేప కూడా వసంతాన్ని చూడదు!

ఆ అడుగున బాస్ నిద్రపోదు! దాదాపు కదలకుండా ఉంటుంది, ఎప్పుడో ఒకసారి తింటుంది. చల్లని ఒంట్లో ఆ తిన్నది అరగడానికే రోజులు పడుతుంది.

అందుకే నీళ్లు 10 డిగ్రీల కంటే చల్లబడ్డాక వేటగాళ్లు చేసే పని చూస్తే మనకు నవ్వొస్తుంది: ఏమీ చెయ్యరు! చిన్న చేప ఆకారంలో ఉండే, నీటి మధ్యలో తేలకుండా మునగకుండా నిలిచే జెర్క్‌బైట్ అనే నకిలీ ఎరను ఒక్కసారి కుదిపి, పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అలాగే వదిలేస్తారు. పరుగెత్తే ఓపిక లేని చేపకు పరుగెత్తని ఎరే నచ్చుతుంది మరి.

అమెరికా చెరువుల్లో గడ్డకట్టిన మంచు ఒకప్పుడు మద్రాసు దాకా వచ్చింది! ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి న్యూ ఇంగ్లండ్ చెరువుల మీది మంచును దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టులో కప్పి ఓడల్లో పంపాడు. 1833లో కలకత్తాకు బయల్దేరిన తొలి ఓడలో 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా సుమారు 100 టన్నులు మిగిలాయి! చెన్నై సముద్రపు ఒడ్డున నేటికీ నిలిచి ఉన్న ఐస్ హౌస్ ఆ మంచు దాచడానికి కట్టిందే. 1897లో స్వామి వివేకానంద బస చేసిన భవనం కూడా అదే! ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది.

చెరువు మంచు మీద నడవాలంటే కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలని మిన్నెసోటా అధికారులు చెబుతారు. అదీ గాజులా తేటగా ఉన్న కొత్త మంచు లెక్క. తెల్లగా, పాలలా కనిపించే మంచు బలం అందులో సగమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి!

మంచు పైన మళ్లీ మంచు కురిస్తే కింద చేపలు ఊపిరాడక చచ్చిపోవచ్చు! గడ్డకట్టిన పొరలోంచి వెలుగు దిగుతుంది గానీ, దాని మీద కురిసిన మెత్తటి మంచు వెలుగును ఆపేస్తుంది. వెలుగు లేకపోతే నీటి మొక్కలు ఆక్సిజన్ తయారు చెయ్యలేవు.

నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి! సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 14.6 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఇమిడేది 7.5 మాత్రమే, అంటే సగం! పాపం, చేపకు వేసవిలో ఒళ్లు వేడెక్కి ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది, నీళ్లలోనేమో తక్కువ ఉంటుంది.

మరి వేసవి చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గిపోయేది ఎప్పుడు? మిట్టమధ్యాహ్నం అన్నారా? కాదు, సరిగ్గా తెల్లవారకముందు! పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచూ మొక్కలూ రాత్రంతా తామే దాన్ని పీల్చుకుంటాయి. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చేప పైకి తేలి నోరు తెరుస్తోందేమోనని తెల్లవారుజామున టార్చిలైటుతో గట్టు మీద తిరిగేదీ, ఏరేటర్లు తిప్పేదీ అందుకే. అమెరికా కుంటలో బాస్‌కైనా మన చెరువులో రాగండికైనా లెక్క ఒకటే!

అందుకని, "వేసవిలో తెల్లవారుజామునే బాస్ పడుతుంది" అన్న మాటను నేను సగమే నమ్ముతాను. తేట నీటి కుంటలో అది నూటికి నూరుపాళ్లు నిజం, ఆ వేళ పైనీళ్లు చల్లగా ఉంటాయి, వెలుతురూ తక్కువ. నాచు దట్టంగా పట్టిన కుంటలో మాత్రం సాయంత్రమే మేలు, పగటి ఎండకు తయారైన ఆక్సిజన్ అప్పుడు నిండుగా ఉంటుంది!

నడి వేసవిలో లోతైన చెరువు రెండు చెరువులుగా విడిపోతుంది! పైన వెచ్చని తేలిక నీరు, కింద చల్లని బరువు నీరు, రెండూ కలవవు. కిందిదానికి గాలి తగలక ఆక్సిజన్ హరించుకుపోతుంది. చల్లగా ఉంది కదా అని అట్టడుగుకు ఎర దించితే అక్కడ తినేవాడే ఉండడు!

ఆ రెండూ మళ్లీ ఒక్కటయ్యే రోజు చెరువు కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది! చలికాలం ముందు పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంటే, అడుగున చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి వస్తుంది. ఆ వాసన తగిలితే కొన్నాళ్లు వేరే కుంట చూసుకోవడమే తెలివి.

గాలి ఎటు వీస్తే అటు ఒడ్డున నిలబడమంటారు అనుభవజ్ఞులు! ఎదురుగాలికి గాలం విసరడం కష్టమే. కానీ ఆ గాలి పైనీటిని, నీటిలోని సన్నటి జీవులను అటే తోస్తుంది, వాటి వెనక చిన్న చేపలు, చిన్న చేపల వెనక బాస్!

తుఫాను వచ్చేముందు గాలి ఒత్తిడి 20 హెక్టోపాస్కల్స్ పడిపోయిందంటే వాతావరణ శాఖవాళ్లకు పెద్ద వార్త. చేపకు అది ఎంత? కేవలం 20 సెంటీమీటర్లు పైకి ఈదినంత! గాలికంటే నీళ్లు అంత బరువు మరి.

నీళ్లలోంచి చూస్తే పై లోకమంతా ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది! ఆ కిటికీ వెడల్పు సుమారు 97 డిగ్రీలు. గట్టు మీది చెట్టూ, మేఘమూ, మీరూ అందరూ అందులోనే, మీరు అంచున ఉంటారు. వేసవి తేట నీటిలో వేటగాళ్లు గట్టు దగ్గర వంగి నడిచేది ఆ అంచు కిందికి జారిపోవడానికే!

నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది! గట్టు మీద బూట్లతో దబదబా నడిస్తే ఆ అదురు మీ ఎరకంటే ముందే చేపను చేరుతుంది.

బాస్‌కు ఎరుపు బాగా కనిపిస్తుంది, ఆకుపచ్చ కూడా! కానీ ముదురు నీలానికీ నలుపుకూ తేడా తెలియదు, మెరిసే పసుపుపచ్చకూ తెలుపుకూ తేడా తెలియదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేపలకు తిండి చూపించి రంగులు గుర్తుపట్టడం నేర్పి మరీ కనిపెట్టారు. అయితే దుకాణాల్లో వందల రంగుల ల్యూర్లు, అంటే నకిలీ ఎరలు, ఎవరి కోసం అమ్ముతున్నట్టు? కొనేవాళ్ల కోసమే! నన్నడిగితే వానాకాలపు బురద నీటికి ఒక నల్లది, తేట నీటికి ఒక ఆకుపచ్చది ఉంటే చాలు.

ల్యూర్ల పుట్టుక ఇంకా వింత. ఈనాడు బాస్ వేటలో వాడే ప్లాస్టిక్ వానపాముల కథ 1949లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ పట్టణంలో మొదలైంది! నిక్ క్రీమ్, కాస్మా క్రీమ్ అనే దంపతులు వాటిని తయారు చేశారు. ఫిన్లండ్‌లో లౌరీ రాపలా 1936లో చేసిన తొలి చేపబొమ్మకైతే ఒళ్లు బెండు, మెరుపు చాక్లెట్ చుట్టిన రేకు, పైపూత కరిగించిన ఫోటో ఫిల్మ్!

నీటిపైన బుడబుడమని శబ్దం చేస్తూ పాకే జిట్టర్‌బగ్ అనే ల్యూర్ 1938 నుంచి ఇప్పటికీ అమ్ముడవుతోంది! వేసవి రాత్రుల్లో బాస్ ఒడ్డుకు దగ్గరగా వచ్చి వేటాడుతుంది, చీకట్లో దానికి దారి చూపేది ఆ శబ్దమే.

కలువాకుల మీద రబ్బరు కప్ప గెంతుతుంటే బాస్ కింద నుంచి ఆకును చీల్చుకుని మరీ వస్తుంది! నడి వేసవి ఎండకు ఆ ఆకుల కిందే నీడ, అక్కడే దాని మకాం. కప్పలే కాదు, ఎలుక పిల్లలు, చిన్న పాములు, బాతు పిల్లలు కూడా దాని నోట పడ్డాయి.

ఇక అన్నిటికంటే ముచ్చటైన సంగతి. బాస్ పిల్లలను పెంచేది తల్లి కాదు, తండ్రి! వసంతంలో నీళ్లు 16 డిగ్రీలు దాటగానే మగచేప లోతులేని చోట తోకతో బురద ఊడ్చి, గులకరాళ్లు తేలేలా గుండ్రటి పళ్లెంలాంటి గూడు చేస్తుంది. ఊడ్చి ఊడ్చి దాని తోక అంచులు చిరిగి ఎర్రబడతాయి కూడా! ఆడచేప వచ్చి వేల గుడ్లు పెట్టి తన దారిన వెళ్లిపోతుంది. ఇక అప్పటి నుంచి మగది గూటి మీదే గాలిలో నిలబడినట్టు నిలబడి, రెక్కలతో గుడ్లకు నీళ్లు విసురుతూ, తిండి దాదాపు మానేసి కాపలా కాస్తుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగిలినా దాని పని అయిపోదు, ఈత నేర్చిన పిల్లల గుంపు వెంట ఇంకొన్ని వారాలు తిరుగుతుంది. మన కొరమీనుదీ ఇదే గుణం, పిల్లల గుంపును వదలకుండా కాస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా దాన్నే ఎంచుకున్నారు!

గూటి మీది మగచేప మీ ఎరను ఎందుకు పట్టుకుంటుంది? ఆకలితో అనుకుంటే పొరపాటే, అది కాపలాదారు కోపం! గుడ్లు తినడానికి వచ్చిన దొంగ అనుకుని తరమబోయి కొక్కేనికి చిక్కుతుంది.

ఆ మగచేపను పైకి తీసిన కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ చేపలు గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి! అందుకే కెనడాలోని ఒంటారియోలో చాలా చోట్ల జూన్ దాకా బాస్ వేటకు అనుమతే ఉండదు.

గాలానికి సులువుగా పడే గుణం వంశపారంపర్యంగా వస్తుంది! ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్ అనే చిన్న చెరువులో ఎక్కువసార్లు పడిన చేపలను, అసలు పడని చేపలను వేరుచేసి ఇరవై ఏళ్ల పాటు తరాలు పెంచి చూశారు. పడేవాటి పిల్లలు బాగా పడ్డాయి, తప్పించుకునేవాటి పిల్లలు తప్పించుకున్నాయి! ఆ తర్వాత తేలిన మాట మరీ మనసును తాకేది: సులువుగా గాలానికి పడే మగచేపలే పిల్లలను ఎక్కువ శ్రద్ధగా కాస్తాయి. అంటే మంచి తండ్రులే ముందు దొరికిపోతున్నారన్నమాట!

కొత్త కుంటలో చేపపిల్లలు వదిలేటప్పుడు తినే బాస్ ముందా, దాని తిండి బ్లూగిల్ ముందా? తిండే ముందు! బ్లూగిల్ పిల్లలను శరత్కాలంలో, బాస్ పిల్లలను మరుసటి జూన్‌లో, ఒక బాస్‌కు పది బ్లూగిళ్ల చొప్పున వదులుతారు. ఈ జోడీని అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ 1930లలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ప్రయోగాల కుంటల్లో పరీక్షించి నిగ్గుతేల్చాడు.

కుంటలో చేపలు పెరగాలంటే చేపలు తియ్యాలి! బాస్ మరీ ఎక్కువైతే తిండి చాలక అన్నీ బక్కచిక్కి చిన్నవిగానే ఉండిపోతాయి.

బాస్ వయసు దాని చెవిలో రాసి ఉంటుంది! చెవిలోని చిన్న రాయిని కోసి చూస్తే చెట్టు మానులో లాగా వలయాలుంటాయి, ఎదుగుదల ఆగిన ప్రతి చలికాలానికీ ఒక గీత.

టెక్సాస్‌లో జనవరి నుంచి మార్చి దాకా 13 పౌండ్లు, అంటే సుమారు 5.9 కిలోలు దాటిన బాస్ పడితే దాన్ని ప్రభుత్వానికి అప్పుగా ఇవ్వవచ్చు! 1986లో మొదలైన ఈ పథకంలో, గుడ్లతో నిండిన ఆ ఆడచేపల నుంచి పిల్లలు తీయించి రాష్ట్రపు నీళ్లలో వదులుతారు. తొలిసారి వచ్చిన చేపకు ఎథెల్ అని పేరు పెట్టారు, అది పోయినప్పుడు సంతాప సభ కూడా జరిగింది!

ప్రపంచ రికార్డు బాస్ పడిన రోజు పట్టినవాడు అసలు పొలంలో ఉండాల్సింది! 1932 జూన్ 2న జార్జియాలో వాన వల్ల దుక్కి సాగక జార్జ్ పెర్రీ అనే యువ రైతు నేస్తంతో కలిసి మాంట్‌గోమరీ లేక్‌కు వెళ్లాడు, ఇద్దరికీ కలిపి ఒకే ల్యూర్. 22 పౌండ్ల 4 ఔన్సుల చేప పడింది! పది కిలోలకు పైమాటే. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి, ఇంటిల్లిపాదీ వండుకుని తినేశారు!

ఆ రికార్డు 77 ఏళ్లు నిలిచింది. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత పట్టిన చేప దాదాపు 27 గ్రాములు ఎక్కువ తూగింది. అయినా పెర్రీ ఓడిపోలేదు! కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉంటేనే కొత్త రికార్డన్నది నియమం. కురితకు అబద్ధాలు పట్టే పరీక్ష పెట్టి, నిజమే చెబుతున్నాడని తేలాక ఇద్దరినీ సమానంగా ప్రకటించారు.

కురిత వాడిన ఎర బతికున్న బ్లూగిల్. ఆ చేప జపాన్‌కు ఎలా వచ్చింది? 1960లో అమెరికా వెళ్లిన యువరాజు అకిహితోకు షికాగో మేయర్ ఇచ్చిన కానుకగా! అవి పెరిగి పెరిగి దేశంలోని స్థానిక చేపలను దెబ్బతీశాయి, చక్రవర్తి అయ్యాక 2007లో ఆయన ఆ సంగతి చెప్పి బాధపడ్డారు.

అమెరికాలో పట్టిన బాస్‌ను వదిలేస్తే మంచివాడంటారు, బివా సరస్సులో వదిలితే నియమం తప్పినట్టే! అక్కడ అది బయటి నుంచి వచ్చి పడ్డ చేప కాబట్టి, పట్టినవి వేయడానికి ఒడ్డునే డబ్బాలు పెట్టారు.

బాస్‌కు కనురెప్పలు లేవు! కొక్కెం తీసేటప్పుడు దాని ముఖం మీద మీ నీడ పడేలా నిలబడితే దానికి కాస్త హాయి.

అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్లి, వారాంతంలో గాలం పట్టుకుని కుంట దగ్గరికి నడిచే తెలుగు పిల్లలకు ఒక్క మాట. ముందు ఆ రాష్ట్రం లైసెన్సు నియమాలు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డు పక్కన గుండ్రటి తెల్లటి మచ్చ మీద ఒంటరి చేప కనిపిస్తే దాని జోలికి పోకండి. పొరపాటున గాలానికి పడిందా, చేతులు తడుపుకుని పట్టుకోండి, కొక్కెం తీయండి, పట్టిన చోటే వెంటనే వదిలేయండి!